ఫెరారీ కంటే ముందు చేరిన టపా

1971 నవంబరులో అమెరికాలో ఇద్దరు మనుషులు న్యూయార్క్ లో ఒక గ్యారేజీ నుంచి నీలం రంగు ఫెరారీ డేటోనా కారులో బయల్దేరి, దేశం మొత్తం దాటి, కాలిఫోర్నియాలో లాస్ ఏంజిలెస్ పక్కనున్న రెడోండో బీచ్ కి చేరుకున్నారు. పట్టిన టైము 35 గంటల 54 నిమిషాలు. దూరం సుమారు 4,600 కిలోమీటర్లు. ఒకాయన డాన్ గర్నీ, 1967లో లె మాన్స్ రేసు గెలిచిన డ్రైవరు. రెండో ఆయన బ్రాక్ యేట్స్, కార్ల పత్రికలో పనిచేసే జర్నలిస్టు. ఈ "కానన్ బాల్" పందెం పెట్టిందీ ఆయనే. ఆగింది పెట్రోలు కోసం, ఒకసారి పోలీసులు పట్టుకుని జరిమానా రాసినప్పుడు, అంతే.

ఇప్పుడు ఇంకో టైము చూడండి. 1921 ఫిబ్రవరి 22న శాన్ ఫ్రాన్సిస్కోలో బయల్దేరిన ఒక టపా సంచి మర్నాడు సాయంత్రం న్యూయార్క్ చేరింది. పట్టిన టైము 33 గంటల 20 నిమిషాలు.

అంటే ఫెరారీ కంటే యాభై ఏళ్ళ ముందే, ఫెరారీ కంటే రెండున్నర గంటలు తక్కువలో, ప్రభుత్వ తపాలా శాఖ ఆ దేశాన్ని దాటేసింది. వీళ్ళిద్దరూ నిజంగా పోటీ పడలేదు, కాగితం మీద పక్కపక్కన పెట్టి చూస్తున్నది నేనే. నేను చేసేది సాఫ్ట్వేర్ టెస్టింగ్ పని కాబట్టి, పోల్చేముందు తేడాలు చెప్పడం అలవాటు. సంచి విమానంలో వచ్చింది, కారు రోడ్డు మీద. ఊళ్ళు కూడా అవే కావు, దిక్కు కూడా ఎదురు. గాల్లో దూరం కొంచెం తక్కువ. ఇవన్నీ ఒప్పుకున్నా, 1921 నాటి విమానం ఎలాంటిదో తెలిస్తే ఆశ్చర్యం తగ్గదు. మొదటి ప్రపంచ యుద్ధం కోసం చేసిన డీహెచ్-4 అది. పైలట్ కూర్చునే చోట పైకప్పు లేదు, రేడియో లేదు, రాత్రి దారి చూపే దీపాలు లేవు. అలాంటిది ఎలా గెలిచింది? ఈ వ్యాసం దాని గురించే.

కాస్త వెనక్కి వెళ్దాం. 1860 ఏప్రిల్ 3న మిస్సోరీ రాష్ట్రంలోని సెయింట్ జోసెఫ్ నుంచి కాలిఫోర్నియాలోని సాక్రమెంటో దాకా గుర్రాల మీద ఉత్తరాలు పంపడం మొదలయ్యింది. దాని పేరు పోనీ ఎక్స్ ప్రెస్. దూరం మూడు వేల కిలోమీటర్లు, గడువు పది రోజులు. పది పదిహేను మైళ్ళకో ఠాణా, అక్కడ జీను కట్టి సిద్ధంగా గుర్రం. జీను మీద పరిచే తోలు గుడ్డకి నాలుగు జేబులు, ఉత్తరాలు వాటిలోనే వుండేవి. గుర్రం మారేటప్పుడు ఆ తోలు గుడ్డ లాగి కొత్త గుర్రం మీద పడేసేవాళ్ళు. రెండు నిమిషాల పని. ఇలా 75 నుంచి 100 మైళ్ళు పోయాక రౌతు కూడా మారిపోతాడు. మొదట్లో అర ఔన్సు ఉత్తరానికి 5 డాలర్లు తీసుకునేవారు, ఆ రోజుల్లో అది చాలా పెద్ద డబ్బు. 1861 అక్టోబరులో టెలిగ్రాఫ్ తీగ ఇటు నుంచి అటు కలిసింది. కలిసిన రెండు రోజులకే పోనీ ఎక్స్ ప్రెస్ మూత పడింది. మొత్తం ఏడాదిన్నర మాత్రమే నడిచింది.

1869లో రైలు వచ్చింది, ప్రయాణం వారానికి తగ్గింది. మరి కారు? 1903లో హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే డాక్టరు, 50 డాలర్ల పందెం కాసి, ఒక మెకానిక్కుని తోడు తీసుకుని శాన్ ఫ్రాన్సిస్కో నుంచి న్యూయార్క్ కి కారులో వెళ్ళాడు. దారిలో ఒక కుక్క కూడా తోడు చేరింది. కారులో దేశం దాటడం అదే మొదలు. పట్టింది 63 రోజులు. 1915లో ఎర్విన్ బేకర్ స్టట్జ్ బేర్ క్యాట్ కారులో సాన్ డీగో నుంచి న్యూయార్క్ కి 11 రోజుల 7 గంటల్లో చేరాడు. అది ఆ కాలపు అసలు సిసలు స్పోర్ట్స్ కారు. అతను వెళ్ళిన దూరం పోనీ ఎక్స్ ప్రెస్ దూరానికి దాదాపు రెట్టింపు, అది నిజమే. అయినా గుర్రాల లెక్క పది రోజులు, కారు లెక్క పదకొండు. అంత దగ్గర. బేకర్ నే "కానన్ బాల్" బేకర్ అన్నారు. యేట్స్ తన పందేనికి ఆ పేరు పెట్టింది ఈయన జ్ఞాపకంగానే. 1933లో ఇదే బేకర్ ఒక్కడే కూర్చుని, అరగంట మాత్రం నిద్రపోయి, న్యూయార్క్ నుంచి లాస్ ఏంజిలెస్ కి 53 గంటల 30 నిమిషాల్లో వెళ్ళాడు. దాదాపు నలభై ఏళ్ళు ఆ రికార్డు అలాగే నిలిచింది.

ఇప్పుడు 1921 దగ్గరికి వద్దాం. ముందు ఏడాది సెప్టెంబరులోనే తపాలా శాఖ దేశం ఈ చివర నుంచి ఆ చివరకి విమానాలు పెట్టింది. కానీ రాత్రి విమానం ఎగరలేదు. చీకటి పడగానే సంచులు రైలెక్కించి, తెల్లారాక మళ్ళీ విమానంలో వేసేవాళ్ళు. ఇంత ఖర్చు చేసి మిగిలేది ఒక్క రోజే అయితే ఇది ఎందుకు అని పార్లమెంటులో ప్రశ్నలు. డబ్బు ఆగిపోయేలా వుంది. అందుకని తపాలా అధికారి ఓటో ప్రేగర్ రాత్రి కూడా ఎగిరి చూపించాలని నిర్ణయించాడు. ఫిబ్రవరి నెల, మంచు.

ఆ రోజు రెండు విమానాలు తూర్పు నుంచి, రెండు పడమర నుంచి బయల్దేరాయి. తూర్పు నుంచి వచ్చిన వాటిలో ఒకటి పెన్సిల్వేనియాలోనే దిగిపోవలసి వచ్చింది, రెండోది చికాగో దగ్గర వాతావరణం బాగాలేక ఆగిపోయింది. పడమర నుంచి వచ్చిన వాటిలో ఒకటి నెవాడాలోని ఎల్కో దగ్గర కూలింది, పైలట్ విలియం లూయిస్ చనిపోయాడు. ఆ విమానంలోని టపాని ఏరి ఇంకో విమానంలో వేసి పంపేసారు. పైలట్ పోయినా సంచి ఆగలేదు. చదువుతుంటే నాకు ఒళ్ళు జలదరించిన చోటు ఇదే. మనం వేగం అని మెచ్చుకునే దాని వెనక ఇలాంటి లెక్క కూడా వుంటుంది.

మిగిలిన ఒక్క సంచి రాత్రికి నెబ్రాస్కాలోని నార్త్ ప్లాట్ చేరింది. అక్కడ జాక్ నైట్ అందుకున్నాడు. దారి పొడుగునా ఊళ్ళవాళ్ళు, రైతులు మంటలు వేసి దారి చూపించారు. అర్ధరాత్రి దాటాక ఒమాహాలో దిగాడు. ఆయన పని అక్కడితో అయిపోవాలి. కానీ అక్కడ అందుకోవలసిన మనిషి రాలేదు. ఇక తనే బయల్దేరాడు. ఒమాహా దాటి చికాగో దారి తనకి కొత్త. మధ్యలో అయోవా సిటీలో ఒక కాపలాదారు ఇంజను శబ్దం విని మంట వెలిగిస్తే దిగి పెట్రోలు పోసుకున్నాడు. పొద్దున 8 గంటల 40 నిమిషాలకి చికాగోలో దిగాడు. ఒక్కడే వెయ్యి కిలోమీటర్లకు పైగా. పత్రికలు ఆయన్ని హీరో చేసాయి, న్యాయమే. అయితే చికాగో నుంచి క్లీవ్లాండ్ కి ఇంకొకరు, అక్కడి నుంచి న్యూయార్క్ కి మరొకరు నడిపారు. మొత్తం ఏడుగురు పైలట్ల చేతులు మారింది ఆ సంచి. పార్లమెంటు డబ్బులిచ్చింది, దారంతా దీపస్తంభాలు వెలిసాయి. 1924 జూలై 1 నుంచి రాత్రీ పగలూ టపా విమానాలు రోజూ నడిచాయి.

ఫెరారీలో గర్నీ, యేట్స్ ఇద్దరే మార్చుకుంటూ నడిపారు. టపా సంచికి అలసట లేదు, నిద్ర అక్కర్లేదు. అలసిన మనిషి, అలసిన గుర్రం, వేడెక్కిన ఇంజను అక్కడే ఆగిపోతాయి, సంచి మాత్రం ముందుకు పోతుంది. గెలుపు రహస్యం అదే. ఓడిపోయే చోటు కూడా అదే, చేయి మారే చోటు. ఒమాహాలో మనిషి రాకపోవడం చూసాం కదా. మా ఆఫీసులో కూడా తప్పులు ఎక్కువ దొరికేది ఒక ప్రోగ్రాములో కాదు, ఒకటి ఇంకోదానికి డేటా అందించే చోట.

ఇక్కడ కన్నడ స్కూల్లో చదివిన మనవాళ్ళకి ఒక మాట గుర్తు చేస్తాను. కన్నడలో పోస్టుని "అంచె" అంటాం, అంచె కచేరి, అంచె చీటి. తెలుగులో అంచె అంటే మజిలీ, ఒకరు ఆగి ఇంకొకరు అందుకునే చోటు. అంచెలంచెలుగా అంటాం చూడండి, అదే. మైసూరులో చిక్కదేవరాజ ఒడెయరు 1672లో పెట్టిన తపాలా ఏర్పాటు పేరు కూడా అంచె. 1889లో దాన్ని బ్రిటిష్ ఇండియా తపాలాలో కలిపేసారు, మాట మాత్రం కన్నడలో నిలిచిపోయింది. మరాఠీలో టప్పా అన్నా దశ, మజిలీ అనే అర్థం, మన తపాలా, టపా దాని పక్కింటి మాటలే. హిందీ డాక్ కి కూడా మనుషులనో గుర్రాలనో మారుస్తూ పంపడం అనే పాత అర్థం వుంది. ఇన్ని భాషలవాళ్ళు తపాలాకి పేరు పెట్టేటప్పుడు చూసింది పరిగెత్తే మనిషిని కాదు, చేయి మారే చోటుని.

1333లో సింధు నది దగ్గరికి వచ్చిన ఇబ్న్ బతూతా కూడా దీన్నే రాసాడు. ఢిల్లీ సుల్తాను తపాలాలో గుర్రపు టపా నాలుగు మైళ్ళకో చోట మారేది. కాలినడక టపాకి మైలుకి మూడు ఠాణాలు. హర్కారా ఒక చేత్తో ఉత్తరం, ఇంకో చేత్తో గంటలు కట్టిన కర్ర పట్టుకుని పరిగెత్తేవాడు. గంటల శబ్దం వినగానే అవతలివాడు లేచి సిద్ధమయ్యేవాడు. సింధు నుంచి ఢిల్లీకి మామూలు ప్రయాణం యాభై రోజులైతే ఉత్తరం అయిదు రోజుల్లో చేరేదట. అన్నిటికంటే ముఖ్యం, గుర్రపు టపా కంటే ఈ కాలినడక టపానే ముందు చేరేదని ఆయన రాసాడు. గుర్రాన్ని మనిషి ఓడించాడు, అంచెలు దగ్గర దగ్గరగా వున్నందుకు.

మన సంగతికి వస్తే, తుంగభద్ర నీళ్ళు వచ్చాక గంగావతి, సింధనూరు వైపు క్యాంపులకి వచ్చిన కుటుంబాల్లో మాదీ ఒకటి. మా తాతయ్య గోదావరి వైపు ఊరికి వెళ్ళినప్పుడల్లా, ఇంగ్లీషు రాని తన చెల్లెలికి ఒక కట్ట ఇన్లాండు కవర్లు కొని, వాటి మీద మా క్యాంపు అడ్రసు ఇంగ్లీషులో ముందే రాసి ఇచ్చి వచ్చేవాడట. ఆమె లోపల తెలుగులో రాసి డబ్బాలో వేసేది. అక్కడి నుంచి బస్సు, రైల్లో రాత్రంతా నిలబడి ఉత్తరాలు వేరుచేసే ఆర్ఎంఎస్ వాళ్ళు, గుంతకల్లు జంక్షన్, హొసపేట, మళ్ళీ బస్సు, చివరికి తెలుగు చదవడం రాని కన్నడ పోస్ట్‌మ్యాన్ సైకిలు. మా దగ్గర మిగిలిన ఒక కవరు మీద రెండు ముద్రలూ బాగా కనిపిస్తాయి, వేసింది 4వ తేదీ, చేరింది 9వ తేదీ. లోపల వున్నది నాలుగే సంగతులు. వర్షం లేదు, గేదె ఈనింది, అమ్మ రోజూ నీ పేరే తలుస్తోంది, కోతలయ్యాక తప్పక రా.

ఆ ఉత్తరానికి ఒక అంచె మిగిలిపోయి వుండింది, అది మా తరం. కన్నడ మీడియంలో చదివిన నాకు ఆ అక్షరాలు సగం తెలిసినట్టే వుండేవి, కన్నడ లిపి, తెలుగు లిపి అక్కచెల్లెళ్ళు కదా. తలకట్టు తేడాలు పట్టుకుని, పాతికేళ్ళ వయసులో కూడబలుక్కుని చదవడం నేర్చుకున్నాను. అందుకే ఇవాళ ఇది తెలుగులో రాయగలుగుతున్నాను.

మీ ఇంట్లో పెట్టెల్లో పాత ఇన్లాండు కవర్లు వుంటే తీసి చూడండి. రెండు వైపులా ముద్రలు చూసి ఎన్ని రోజులు పట్టిందో లెక్క కట్టండి, ఏ ఊళ్ళ మీదుగా వచ్చిందో పెద్దవాళ్ళని అడగండి. చేతిరాత అర్థం కాకపోతే వాళ్ళ చేత గట్టిగా చదివించి ఫోన్లో రికార్డు చేసుకోండి. మా ఇంట్లో ముప్ఫై దాకా ఉత్తరాలు వున్నాయి. ఆదివారం ఆదివారం నాన్న చదువుతున్నాడు, మా అమ్మాయి ఫోన్ పట్టుకుంటోంది. ఇంకా సగం కూడా కాలేదు.