వీణకు అడ్వాన్సు ఇచ్చాం, కబురు లేదు: ఏం చేయాలి?

ఒడిశా, తమిళనాడుల్లో ఉంటున్న మనవాళ్లలో కొందరు పిల్లల కోసం బొబ్బిలి వీణ చేయించుకుంటారు. అడ్వాన్సు ఇచ్చాక ఫోన్ ఎత్తడం లేదని మా సంఘానికి చెబుతుంటారు.

ఆలస్యానికి కారణం: ఏకాండి వీణను ఒకే పనస మొద్దులోంచి తొలుస్తారు. కర్ర బాగా ఆరకపోతే తర్వాత బీట వారుతుంది. 24 మెట్లనూ మైనంపై స్వరం వింటూ నిలపాలి. ఇందులో తొందర కుదరదు. అయితే పని ఎంతవరకు వచ్చిందో చెప్పడానికి ఇవేవీ అడ్డు కావు.

ఆర్డరు రోజున: ఏకాండమా, అతుకుల వీణా, శ్రుతి, మొత్తం ధర, అడ్వాన్సు, ఇచ్చే తేదీ కాగితంపై రాయించి సంతకం తీసుకోండి. ఒకసారి మేము తేదీ రాయించుకోలేదు. నవరాత్రి కచేరీలో మా పాప అరువు వీణతో కూర్చుంది.

మధ్యలో: "ఎప్పుడిస్తారు?" అంటే "వచ్చే వారం" అంటారు. "కర్ర ఆరిందా? మెట్లు నిలిపారా?" అని అడగండి. ఫోటో పంపమనండి. పని చేసే వేళ కాకుండా సాయంత్రం ఫోన్ చేయండి.

గడువు దాటితే: 15 రోజుల వ్యవధి ఇస్తూ స్పీడ్ పోస్టులో ఉత్తరం రాయండి. నకలు, రసీదు దాచుకోండి.

అప్పటికీ పలకకపోతే: జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. 2019 చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు, రాష్ట్రం దాటి వెళ్లనక్కరలేదు. వివాద కారణం తలెత్తిన నాటి నుంచి 2 ఏళ్లలోపు వేయాలి.

కోర్టుకన్నా ముందు కాగితం ముఖ్యం. అది ఉంటే చాలాసార్లు మాటతోనే పని తేలుతుంది.