ఓరుగంటి కొలువుకూట మెచ్చట?

సిద్దిపేటకు చేరువనున్న కొండపాక రుద్రేశ్వరాలయమును చూచినవారికి కాకతీయులు దూరపువారుగా తోచరు. రుద్రమదేవియు ప్రతాపరుద్రుడును కొలువుతీరిన సభాభవన మెచ్చట నుండెనో చూడవలెనని మేము ఓరుగంటికోటకు పోయితిమి.

కోట నడుమ నాలుగు రాతితోరణములు నిలిచియున్నవి. అవి రాజసౌధపు ద్వారములని పలువు రనుకొందురు. కాని యవి స్వయంభూదేవుని యాలయమునకు నాలుగు దిక్కుల నిలిపిన ద్వారములు. వానికి పడమటనున్న ఖుష్‌మహలును చూపి, "రాజుగారి కచేరి యిదే" యని చెప్పువారును కలరు. ఆ మాటలో నెంత యభిమానము! కాదనుటకు నోరు రాదు. అయినను పైకి పోనుపోను లోనికి వాలిన గోడలును, కమానులును ఢిల్లీ తుగ్లకుల పద్ధతినే చాటుచున్నవి. 1323లో కోట పడినపిమ్మట లేచిన కట్టడమది. మునుపు కొందరు దానిని పదునారవ శతాబ్దమునాటి షితాబుఖానున కంటగట్టిరి.

మరి కొలువేది? వినుకొండ వల్లభరాయని క్రీడాభిరామములో మంచనశర్మయు టిట్టిభసెట్టియు ఒక్క దినమున పురమంతయు తిరుగుదురు. పూటకూటి యిల్లు, కోడిపందెము, ఏకవీర గుడి, మాచల్దేవి యిల్లు, అన్నియు మనకు చూపుదురు. రాజసభలోనికి మాత్రము పోరు. విద్యానాథుని ప్రతాపరుద్రీయములో రాజును పొగడిన శ్లోకములు కొల్లలు. పొగడ్తలతో గోడల కొలతలు తేలవుగదా!

1310 నాటి ముట్టడిని వర్ణించిన అమీరు ఖుస్రో మెచ్చినది మట్టికోటను. ఉక్కుబల్లెమైనను దానిలో దిగదట. ఆ మట్టికోట నేటికిని ఉన్నది. రాతికోట లోపల ఊరున్నది, పొలములున్నవి. వాని క్రింద ఏమున్నదో పలుగు దిగిననాడుగాని తెలియదు.