గూడ్స్ పెట్టె బరువు ఎవరు మోస్తున్నారు?

గేటు పడితే బండి ఆపేసి గూడ్స్ పెట్టెలు లెక్కపెట్టడం మనందరం చేసిందే. నేను ఈ మధ్య ఇంకో లెక్కలో పడ్డాను. అసలు ఆ ఖాళీ పెట్టె బరువెంత?

మన దగ్గర బొగ్గు తెచ్చే బాక్స్‌ఎన్‌హెచ్‌ఎల్ వ్యాగన్ ఖాళీగానే 20.6 టన్నులు. ఒక్కో ఇరుసు మీద 22.9 టన్నులు దాటకూడదు. నాలుగు ఇరుసులకి 91.6. అందులో పెట్టె బరువు పోగా సరుకుకి మిగిలేది 71. అంటే పెట్టె ఒక టన్ను తగ్గితే సరుకు ఒక టన్ను పెరుగుతుంది. 58 పెట్టెల రైలుకి ట్రిప్పుకి 58 టన్నులు! తిరిగి ఖాళీగా వచ్చేటప్పుడు లాగే ఖర్చూ తగ్గుతుంది. (దూది లాంటి సరుకైతే ఈ లాభం రాదు, బరువుకంటే ముందే చోటు నిండిపోతుంది.)

మరి విమానాల్లో వాడే కాంపోజిట్‌తో పెట్టెలు చెయ్యొచ్చుగా అంటారేమో. నిజానికి రైల్వేలో ఆ మాట పాతదే. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికాలో ఉక్కంతా ఓడలకీ ట్యాంకులకీ పోయింది. దాంతో ఫ్రేము ఉక్కుతో, పక్కలు చెక్క పలకలతో బొగ్గు పెట్టెలు కట్టారు. వాటినే కాంపోజిట్ కార్లు అన్నారు. ఉక్కు మిగిలింది, నిజమే. కానీ చెక్క తడుస్తుంది, కుళ్ళుతుంది, మాటిమాటికీ మార్చాలి. యుద్ధం అయ్యాక ఉక్కు దొరకగానే చాలా పెట్టెలకి పలకలు పీకేసి ఉక్కు రేకులు బిగించారు.

1980ల మొదట్లో అక్కడే ఫైబర్‌గ్లాస్‌తో ధాన్యం వ్యాగన్ చేశారు. పేరు గ్లాస్‌హాపర్. మిడతని గ్రాస్‌హాపర్ అంటారు కదా, దాని మీద జోకన్నమాట. తేలిక, తుప్పు పట్టదు. అయినా ఉక్కుని పక్కకి నెట్టలేకపోయింది.

నాకు అర్థమైనంతలో బలం దగ్గర కాదు, రిపేరు దగ్గరే చిక్కు. ఉక్కు పెట్టెకి సొట్ట పడితే మన విజయవాడ పక్క రాయనపాడు వర్క్‌షాపులో వెల్డింగ్ కొట్టి పంపేస్తారు. ఫైబర్ లోపల పొర విడిపోతే బయటికి కనబడదు. కనిపెట్టడానికే వేరే పనితనం కావాలి.

2022 అక్టోబరులో భువనేశ్వర్‌లో మన రైల్వే తేలిక వ్యాగన్ల రేకు ఒకటి మొదలుపెట్టింది. 61 పెట్టెలు. హిండాల్కోతో కలిసి చేసినవి. ఫైబర్ కాదు, అల్యూమినియం! ఉక్కుకంటే ధర 35 శాతం ఎక్కువ, కానీ పాతబడ్డాక 80 శాతం రీసేల్ వస్తుందని అప్పుడు ప్రకటించారు. పగిలిన ఫైబర్‌గ్లాస్‌కి పాత ఇనుము కొట్టాయన ఎంతిస్తాడో మీరే ఒకసారి అడిగి చూడండి.