నాంపల్లి పేరులోని అన్యదేశ్యము

నాంపల్లి స్టేషనులో దిగి ఆబిడ్సు వైపు నడచువారికి రెండు అన్యదేశ్యములు ఎదురగును. రెంటి వెనుకను ఇద్దరు మనుష్యులున్నారు.

గోల్కొండ ప్రభువు అబ్దుల్లా కుతుబ్‌షా కొలువులో నేక్‌నామ్ ఖాన్ అను బిరుదు గల సేనాని ఉండెను. కర్ణాటకమున సేనలను నడిపిన అతడు 1672లో మరణించెను. ఇబ్రహీం కుతుబ్‌షా గుమ్మటము వెలుపల, కప్పులేని వేదికపై అతని సమాధి నేటికిని కలదు. అతని పేరిటనే ఈ పల్లె నాంపల్లి అయినదని చెప్పుదురు. పారశీకమున ‘నేక్’ అనగా మంచి, ‘నామ్’ అనగా పేరు. జనుల నోట మంచి జారిపోయి పేరు మాత్రము మిగిలినది!

అయితే ఈ ‘నామ్’ మనకు బొత్తిగా పరాయిదా? మనము సంస్కృతము నుండి తెచ్చుకొన్న ‘నామము’నకు అది తోబుట్టువు. ఇంగ్లీషువారి ‘నేమ్’, దూరపు ఐర్లండువారి ‘అనిమ్’ కూడ ఆ కుటుంబములోనివే. కాబట్టి ‘పల్లి’ సరసన ఆ మాట ఇంత సులువుగా కుదురుకొన్నదని నా ఊహ.

ఆబిడ్సు కథ వేరు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ (పాలన 1869–1911) ఆంతరంగిక సేవకుడైన ఆల్బర్ట్ ఆబిడ్ అను ఆర్మేనియా దేశీయుడు ఇచట దుకాణము తెరచెను. ‘దుకాణము’ సైతము అరబ్బీ నుండి వచ్చినదే. ‘ఆబిడ్స్ షాపు’లో షాపు పోయినది; ‘యొక్క’ అను అర్థమిచ్చు ఇంగ్లీషు సకారము నిలిచినది. దానిమీద మన విభక్తి చేర్చి ‘ఆబిడ్సులో’ అనుచున్నాము.

1907లో కట్టిన స్టేషనుకు రైల్వేవారు హైదరాబాదు దక్కను అని పేరిడిరి. ఊరివారికి మాత్రము అది నాంపల్లియే.