ఏ దేవదాసు? ఏ ప్రహ్లాద?

మొన్న తెలుగు సినిమాల జాబితా ఒకటి టెక్స్టు ఫైల్లో పెట్టుకుని, పీహెచ్‌పీలో అర్రేగా మారుద్దామని కూర్చున్నా. లైనుకో సినిమా, పేరే కీ, సంవత్సరం విలువ. రన్ చేసి చూస్తే దేవదాసు ఒక్కడే మిగిలాడు, 2006 నాటి రామ్! 1953 అక్కినేని, 1974 కృష్ణ ఇద్దరూ మాయం. ఎర్రర్ లేదు, వార్నింగూ లేదు.

పైథాన్ డిక్షనరీ, పెర్ల్ హ్యాష్ కూడా అంతే. అదే కీ మళ్ళీ వస్తే పాతదాని మీద కొత్తది రాసేస్తాయి. 2017 నాటి జేసన్ ప్రమాణం కూడా కీలు వేర్వేరుగా ఉండాలంటుందే గానీ, లేకపోతే ఏం చెయ్యాలో తేల్చదు.

ఫిల్మ్ నగర్లోని ఫిల్మ్ ఛాంబర్లో టైటిల్ రిజిస్టర్ చేయించేది ఇలాంటి గొడవ రాకూడదనే. అయినా ఏళ్ళు గడిచాక పేర్లు తిరిగొస్తాయి. మిస్సమ్మ 1955లో, 2003లో. మాయాబజార్ 1957లో, 2006లో.

సరే, ఒక్కో కీ కింద అన్ని సంవత్సరాలూ దాచేస్తే? అక్కడ భక్త ప్రహ్లాద అడ్డొచ్చాడు: 1931, 1932, 1942, 1967. చివరి రెండూ వేరే సినిమాలే. మొదటి రెండూ మాత్రం ఒకటే! హెచ్.ఎం.రెడ్డి తీసిన తొలి తెలుగు టాకీ 1931 సెప్టెంబర్ 15న వచ్చిందని చాలాకాలం రాసుకున్నాం. రెంటాల జయదేవ పరిశోధనతో అది 1932 ఫిబ్రవరి 6 అని తేలింది.

అంటే చివరిది ఉంచితే అక్కినేని పోతాడు, అన్నీ ఉంచితే లేని సినిమా పుడుతుంది. ఏది ఎందుకు రెండైందో కోడుకి తెలీదు, మనిషే చూడాలి. అందుకే ఇప్పుడు నా ప్రోగ్రాం డూప్లికేట్ కనబడగానే ఆగిపోయి నన్నే అడుగుతుంది.