పొయ్యిని బట్టి వంటిల్లు



కొత్తగా ఇల్లు కట్టుకునేవారూ, ఉన్న ఇంటిని బాగుచేయించుకునేవారూ ఎక్కువగా తర్జనభర్జన పడేది వంటింటి గురించే. గట్టు ఒక పక్కనా, రెండు పక్కలా? తలుపు ఉంచాలా, హాల్లో కలిపెయ్యాలా? ఎక్కడో బొమ్మ చూసి ముచ్చటపడి అలాగే కట్టించుకుంటాం గాని, ఆ నమూనా ఎవరికోసం పుట్టిందో ఆలోచించం. వంటిళ్ల చరిత్ర కాస్త తెలిస్తే మన ఇంటికి ఏది నప్పుతుందో తేల్చుకోవడం సులువవుతుంది.

మన పాత మండువా ఇళ్లనే తీసుకోండి. వంటిల్లు వెనకవైపున, నూతికి దగ్గరగా ఉండేది. మట్టిపొయ్యి నేలమీదే. దాని ముందు పీట వేసుకుని కూర్చుని వండేవారు. ఇదంతా ఒట్టి ఆచారం అనుకోకూడదు. కట్టెలు ఎగదోయాలన్నా, బూడిద తియ్యాలన్నా, బరువైన గుండిగ దించాలన్నా నేలమీద పొయ్యే వీలు. కత్తిపీట, రోలు, తిరగలి కూడా కూర్చుని వాడేవే కదా! నలుగురైదుగురు ఆడవాళ్లు కబుర్లు చెప్పుకుంటూ పని చేసుకునేందుకు చోటుండేది. ఆ వంటింటికి పట్టిన పెద్ద పీడ పొగ. పెంకుల సందుల్లోంచి పోయినంత పోగా, మిగిలిందంతా ఇల్లాలి కళ్లలోకీ, ఊపిరితిత్తుల్లోకీ పోయేది.

ఈ బాధ తీర్చడానికి మన హైదరాబాదులోనే ఒక గట్టి ప్రయత్నం జరిగింది. అక్కడి ఇంజనీరింగ్ పరిశోధనాలయంలో పనిచేసిన ఎస్.పి. రాజుగారు పొగలేని పొయ్యిని రూపొందించి, 1953లో దాని గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకం ప్రచురించారు. మట్టితోనే కట్టే పొయ్యి అది. ఒకే మంటమీద వరసగా గిన్నెలు పెట్టుకోవచ్చు. పొగ గొట్టం వెంట కప్పు దాటి బయటికి పోతుంది. ఆ తరవాత ముప్ఫయ్యేళ్లకు, 1983లో, మెరుగైన పొయ్యిల పథకాన్ని కేంద్ర ప్రభుత్వం దేశమంతటా మొదలుపెట్టింది.

ఈలోగా పట్టణాల్లోకి గ్యాసు వచ్చింది. 1955లో బొంబాయిలో బర్మాషెల్ వారు, 1965లో కలకత్తాలో ఇండేన్ వారు సిలిండర్లు ఇవ్వడం మొదలుపెట్టారు. ఈ గ్యాసు గాలికంటె బరువైనది. లీకయితే పైకి పోకుండా నేలబారున పేరుకుంటుంది. అంచేత సిలిండరు నేలమీద నిలబెట్టి, స్టవ్వు దానికంటె ఎత్తున పెట్టుకోవాలన్నారు. గట్టు అంతకుముందు లేకపోలేదు గాని, మామూలు ఇళ్లకు అది తప్పనిసరి అయింది గ్యాసుతోనే. పొయ్యి గట్టెక్కింది, ఇల్లాలు లేచి నిలబడింది! వంగి లేచే బాధ తగ్గింది, కాళ్లు లాగే బాధ మొదలైంది.

నిలబడి వండే వంటింటికి పకడ్బందీగా నమూనా వేసింది కూడా ఒక మహిళే. మొదటి ప్రపంచయుద్ధం తరవాత జర్మనీలో ఇళ్లకు కటకట వచ్చింది. ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కార్మికుల ఇళ్లకోసం 1926లో మార్గరెటే లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు ఒక వంటింటిని రూపొందించారు. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు. అంటే ఆరడుగుల చిల్లర వెడల్పు, పదకొండడుగుల పొడవు అన్నమాట. రైలు భోజనపు పెట్టెలో ఇరుకు చోటులోనే అంతమందికి ఎలా వండుతున్నారో చూసి, చెయ్యి చాస్తే వస్తువు అందేలా అన్నీ అమర్చారు. పప్పుదినుసులకు అల్యూమినియం సొరుగులు, కిటికీ దగ్గర కూర్చుని కూరలు తరుక్కునేందుకు తిరిగే స్టూలు. దాదాపు 10,000 ఇళ్లలో ఈ వంటిల్లు అమిరింది.

అడుగులు ఆదా అయ్యాయి, నిజమే. కాని అందులో రెండో మనిషి మసలడానికి చోటు లేదు. పక్కగదికి జరుపుడు తలుపు పెట్టి, పిల్లల్ని కనిపెట్టి ఉండవచ్చునన్నారు. అయినా ఇల్లాలిని ఒంటరిని చేసిన వంటిల్లని 1970ల్లో అక్కడి స్త్రీలే ఆక్షేపించారు. వంట ఒక్కరి పని అనుకుని గీసిన గది అలాగే ఉంటుంది మరి!

1940ల్లో అమెరికాలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం వారు ఇంకో లెక్క చెప్పారు. పొయ్యి, నీళ్ల తొట్టి, ఫ్రిజ్ ఈ మూడూ త్రికోణంగా ఉండాలి. ఒకదానికొకటి నాలుగడుగులకు తక్కువా, తొమ్మిదడుగులకు ఎక్కువా కాకూడదు. ఈ లెక్క ఈనాటికీ పనికొస్తుంది.

ఇక మన ఇంటి సంగతి. గది ఇరుగ్గా ఉండి ఒక్కరే వండుకునేట్టయితే ఎదురెదురు గట్లు బాగుంటాయి. అత్తాకోడళ్లో, ఆలుమగలో కలిసి పనిచేసే ఇంట్లో ఆ గట్ల మధ్య నాలుగడుగులైనా వదలండి. చోటుంటే మూల తిరిగే గట్టు ఇంకా మేలు. మధ్యలో నేల ఖాళీగా ఉంటే చిక్కుళ్లు వలవడానికీ, ఆవకాయ కలపడానికీ హాయిగా కూర్చోవచ్చు. గోడ లేని వంటిల్లు చూడ్డానికి ముచ్చటే గాని, ఎండుమిరపకాయల పోపు వేస్తే హాల్లో చుట్టాలు తుమ్మాల్సిందే! అది కావాలనుకుంటే పొయ్యి పక్కన పెద్ద కిటికీ అయినా, పొగ లాగే చిమ్నీ అయినా ఉండితీరాలి. సిలిండరు లోపలే ఉంటే నేలకు దగ్గరగా గాలి పోయే సందు మరవకండి.

అన్నిటికంటె ముఖ్యం గట్టు ఎత్తు. రోజుకు మూడు నాలుగు గంటలు దాని ముందు నిలబడే నడుము మనది, మేస్త్రీది కాదు. మోచేయి మడిచి నిలబడితే గట్టు దానికి నాలుగైదు అంగుళాలు కిందుగా ఉండాలి. అందుచేత మేస్త్రీ టేపు తియ్యకముందే, ఇంట్లో ఎక్కువసేపు వండేవారెవరో వారినే గోడ పక్కన నిలబెట్టి గుర్తు పెట్టించండి.