ఆవపు నేల

“కుమ్మరికి ఒక యేడు, గుదియకు ఒక పెట్టు” అనునది మన పల్లెలలో అందఱు నెఱిగిన సామెత. నెలల తరబడి చేసిన పని ఒక్క దెబ్బతో పాడగునని దాని భావము. కాని కుమ్మరి కష్టమును పాడుచేయుటకు గుదియయే రానక్కఱలేదు. ఆవము పేర్చిన చోట నేల చెమ్మగా నున్నను చాలును; కూడని రాయి పఱచినను చాలును. మట్టిని గూర్చి, సారెను గూర్చి, మంటను గూర్చి చెప్పువారు పలువురు కలరు. ఆ మంటను మోయు నేలను గూర్చి తలచువా రరుదు. మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ ప్రాంతముల కుండల చరిత్రను ఆ నేలవైపునుండి చూపుటయే ఈ వ్యాసపు టుద్దేశము.

ఈ ప్రాంతమున కుండ కాల్చు విద్య మిక్కిలి ప్రాచీనమైనది. నల్లగొండ జిల్లా కృష్ణాతీరమున నుండిన ఏలేశ్వరము నాగార్జునసాగర జలాశయమున మునుగుటకు ముందు పురావస్తుశాఖవారు అచ్చట త్రవ్వకములు జరిపిరి. ఇనుపయుగపు పెద్దరాళ్ల సమాధులు అందు బయల్పడెను. అట్టి సమాధులలో దొరకు కుండలు పెక్కు వెలుపల ఎఱుపుగాను, లోపలను మూతివద్దను నలుపుగాను ఉండును. అది పూసిన రంగు కాదు. కుండను బోర్లించి కాల్చినపుడు, మూతి ఆకులోను బూడిదలోను కూరుకొని గాలి తగులక నలుపెక్కును. గాలి సోకిన వెలుపలి భాగమున మట్టిలోని ఇనుము ఎఱ్ఱబారును. వానిని రెండుమార్లు కాల్చిరని కొందఱు పండితుల మతము. ఏ విధముగా కాల్చినను, గాలిని ఎచ్చట ఆపవలెనో ఎచ్చట విడువవలెనో రెండువేల యేండ్లకు పూర్వమే మన కుమ్మరులకు తెలిసియుండెననుట స్పష్టము. కుండ మూతి దేనిపై ఆనియుండెనో అదియే దాని రంగును నిర్ణయించెను.

తరువాత శాతవాహనుల, ఇక్ష్వాకుల కాలమున బౌద్ధము ఈ సీమయందు వర్ధిల్లెను. సూర్యాపేట జిల్లాలోని ఫణిగిరియందును, 1954 మొదలు 1960 వఱకు త్రవ్వకములు జరిగిన నాగార్జునకొండయందును ఇటుకలతో కట్టిన స్తూపములు, విహారములు వెలువడినవి. ఆ స్తూపములకు తొడిగిన శిల్పములు సున్నపురాతివి. లోపలి కట్టడము కాల్చిన మట్టిది. శిల్పికి ఉలి క్రింద లొంగు సున్నపురాయి మేలు. కాని ఆ రాయినే తెచ్చి ఆవమునకు అడుగున పఱచినచో కుమ్మరి నష్టపోవును. ఆ కారణము తెలియుటకు మన నేలనుండు రాళ్ల స్వభావమును కొంచెము తెలిసికొనవలెను.

మన ప్రాంతమున ముఖ్యముగా రెండు జాతుల రాయి కలదు. కృష్ణవైపున వాడపల్లి, హుజూర్‌నగరముల దిక్కున సున్నపురాయి. ఉత్తరమున సూర్యాపేట, నల్లగొండల దిక్కున నల్లని, ఎఱ్ఱని గుండురాయి. చూపునకు రెండును కఠినములే. అగ్ని ముందు రెండును నిలువవు. సున్నపురాయి యెనిమిది వందల డిగ్రీలు దాటిన కొలది కాలి సున్నమగును. ఆవము చల్లారిన పిమ్మట గాలిలోని చెమ్మను పీల్చి ఉబ్బి పొడియైపోవును. మట్టిలో చిన్న సున్నపుఱాయి మిగిలినను ఇదే జరుగును. కాల్చిన కొన్నాళ్లకు కుండ గోడనుండి పెచ్చు లేచిపోవును. ఇక గుండురాతిలో పలుగురాతి రేణువులు కలవు. 573 డిగ్రీలవద్ద ఆ రేణువులు ఒక్కమారుగా వ్యాకోచించును. అందుచే వేడి త్వరగా పెరిగినపుడు గుండురాయి పగులును, ఒక్కొక్కపుడు పెచ్చులుగా ఎగిరిపడును. రాయి ఓడినచోట కాలిన మట్టి గెలుచుట వింతవలె తోచును; కాని సత్యమదియే. ఒకమారు అగ్నిని చూచిన పెంకు మఱల ముడుచుకొనదు, ఆవిరిని విడువదు. కావుననే పగిలిన కుండల చిల్లపెంకులు ఆవపు నేలకు మొదటి యాస్తి.

నేలకు తొలి శత్రువు నీరు. నీరు ఆవిరియైనపుడు దాదాపు 1,700 రెట్లు వ్యాపించును. తడినేలపై పేర్చిన ఆవమున సగము వంటచెఱకు నేలను ఎండబెట్టుటకే చెల్లును. అడుగువరుస కుండలు పచ్చిగానే మిగులును, లేదా ఆవిరి తగిలి చిట్లును. దీనికి ఉపాయము సులభము. మెరకచోట దిన్నె వేయవలెను. ఎండిన ఇసుక పోసి, దానిపై బూడిదయు చిల్లపెంకులును పఱవవలెను. ఇసుక కదలి సర్దుకొనును. పెంకుల సందులలో గాలి నిలిచి వేడిని భూమిలోనికి పోనీయదు. కొత్త దిన్నెపై పెద్ద ఆవము పేర్చుటకు ముందు ఒకనాడు చిన్న మంట వేసి ఆరబెట్టుట మేలు.

మంటకును ఒక క్రమము కలదు. నూఱు డిగ్రీలవఱకు మట్టిలోని తడి పోవును. సుమారు 450 మొదలు 600 డిగ్రీలలోపల మట్టిలో కలిసియున్న నీరు విడిపోయి, అది మఱల నానని పదార్థమగును. ఈ రెండు మెట్లయందును తొందర కూడదు. పిమ్మట కుండ ముదురెఱుపుగా వెలుగును. మఱికొంత సేపటికి పండిన రేగుపండు వన్నె దేరును. తొమ్మిది వందలు దాటినచో నారింజ వన్నె వచ్చును. ఉష్ణమాపకము లేని కాలమున కన్నే కొలబద్ద. గడ్డి, పిడకలు, తుమ్మకట్టెలతో కాల్చు మన ఆవములు సాధారణముగా ఆరు వందలకును తొమ్మిది వందలకును నడుమ నిలుచును.

ఇది మన విద్యకు లోపమని కొందఱు భావింతురు. జపాను దేశమున అయిదవ శతాబ్దమునుండి కొండవాలున సొరంగము వలె కట్టిన కొలుములలో కట్టెలతోనే వేయి డిగ్రీలకు మించిన వేడిని సాధించిరి. అచ్చట వాలుగా నున్న నేలయే పొగగొట్టపు పని చేయును. కాని పన్నెండు వందలు దాటిన వేడిలో నేల సమస్య మాఱును. కట్టెబూడిదలోని క్షారము ఇసుకతో కలిసి కరిగి గాజగును. కుండ నేలకు అంటుకొని, తీయబోవ పగులును. మామూలు ఇటుక మెత్తబడి కుంగును. అట్టి కొలిమికి అగ్నిని తట్టుకొను ప్రత్యేకపు టిటుకయు, దానిపై తెల్లసుద్ద పూతయు వలయును. మన మంచినీటి కుండకు ఆ వేడి యక్కఱలేదు, ఉన్నచో చెఱుపే. తక్కువ వేడిలో కాలిన కుండ గోడనుండి నీరు సన్నగా ఊరి, ఆవిరియై, లోని నీటిని చల్లబఱచును. గాజువలె గట్టిపడిన కుండ ఆ పని చేయలేదు. ఏ వేడికి ఏ నేల తగునో, ఏ పాత్రకు ఏ వేడి తగునో ఎఱుగుటయే విద్య.

1967లో నాగార్జునసాగర ఎడమకాలువకు నీరు విడువబడెను. మెట్టచేలు మాగాణములైనవి, మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరొందినది. ఈ సంపద కుమ్మరికి రెండు విధముల తగిలినది. తడిపొలముల చేరువ పొడినేలను వెదకుకొనవలసిన పని పెరిగెను. మిల్లుల ఊక మాత్రము కొత్త సాధనమైనది. ఊకబూడిదలో నూటికి తొంబది వంతుల వఱకు ఇసుకసారమే యుండును. అది వేడిని బాగుగా ఆపును. ఎండిన దానిని ఇటుకల అడుగున పఱచినచో నేలకు మంచి దుప్పటియగును. అయితే దాని దుమ్ము ఊపిరితిత్తులకు హాని చేయును గనుక, పఱచునపుడు కొంచెము తడిచల్లి, ముక్కునకు గుడ్డ కట్టుకొని, పిమ్మట ఆరనీయవలెను.

నేడును మన యింట పెండ్లికి ఐరేని కుండలు, బోనమునకు కొత్త కుండ, దీపావళికి ప్రమిదలు కుమ్మరి యింటినుండియే రావలెను. కాని స్టీలు, ప్లాస్టిక్కు వచ్చిన పిమ్మట నిత్యపు బేరము తగ్గి, కుమ్మరి బిడ్డలు పలువురు వేఱు పనులకు పోయిరి. తండ్రి చేతినుండి కొడుకు చేతికి వచ్చిన విద్య చేయి మాఱనిచో అచ్చటనే ఆగును. కుండలు పెంకులై భూమిలో మిగులును, త్రవ్వినవారికి దొరకును. దిన్నె ఏల మెరకన వేసిరో, అడుగున ఏమి పఱచిరో, ఏ వన్నె చూచి మంట ఆపిరో పెంకులు పూర్తిగా చెప్పలేవు. అది చెప్పగల వృద్ధులు ఇంకను మన యూళ్లలో కలరు. గ్రంథాలయమునకు వచ్చు యువకులు ఒక నోటుపుస్తకముతో వారి ఆవముకడ ఒక రాత్రి కూర్చుండి, వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసి మన బీరువాలో చేర్చుదురు గాక. ఇప్పుడున్న గ్రంథములలో లేని గ్రంథము అది యగును.